అన్‌ఫిట్ మిఠాయి

పోశం అన్‌ఫిట్ అయ్యాడని అతని భార్య కనకవ్వ క్వార్టర్ల లైనంతా మైసూర్‌పాక్ పంచుతూనే ఉంది.

ఎస్సై జమున జీపు దిగీ దిగగానే ఆమె చేతిలోనూ ఒక ముక్క పడింది. గోదావరిఖనిలో, ఇలాంటి బొగ్గుగని క్వార్టర్లలోనే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి జమునకు వింతగా అనిపించలేదు. బయటి ఊళ్ళలో ఈ మాట వింటే అయ్యో అంటారు. ఇక్కడ ముందుగా కొడుకు ఏం చదివాడని అడుగుతారు. గనిలో దిగడానికి ఒంట్లో సత్తువ లేదని కంపెనీ మెడికల్ బోర్డు తేల్చిందంటే, తండ్రి నౌకరీ కొడుక్కి వస్తుంది. పోశం కొడుకు రుత్విక్‌కు అప్పుడే పెళ్ళి సంబంధాలు కూడా మొదలయ్యాయని కనకవ్వ ఆగకుండా చెప్పుకుపోతోంది.

జమున ఆ ముక్కను నోట్లో పెట్టుకోలేదు. ఆమె వచ్చింది సదయ్య కోసం.

సదయ్య బొగ్గు లారీల మీద టార్పాలిన్ కప్పే కాంట్రాక్టు కూలీ. సోమవారం నుంచి మనిషి లేడు. ఇంట్లో భార్య హర్షిణి, ఇంకా పాకుతున్న పాప. కనబడకుండా పోయిన రోజు, సెకండ్ షిఫ్టు సైరన్ మోగే వేళకు అతను ఇదే వాకిట్లో నిలబడి పోశంను నిలదీశాడని లైన్‌లో వాళ్ళు చెప్పారు. ఏమని నిలదీశాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి అడిగేసరికి అందరి ఇళ్ళలోనూ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

"కూసో బిడ్డ," అంటూ పోశం బయటికి వచ్చాడు. వాకిట్లో ఎవరో దించి పోయిన నిండు గ్యాస్ సిలిండర్ కనబడితే, అలవాటు కొద్దీ ఒక్క ఊపులో భుజానికెత్తుకుని వంటింట్లో పెట్టి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాక అప్పుడు దగ్గాడు.

ఆ దగ్గు కొంచెం ఆలస్యంగా వచ్చిందని జమునకు అనిపించింది. పైకి మాత్రం ఏం రోగమని అడిగింది. టీబీ అన్నాడు పోశం. రెండు ఊపిరితిత్తులకూ బొక్కలు పడ్డాయట, స్కానింగ్‌లో తెల్లగా కనబడిందట, తెమడ పరీక్షలోనూ తేలిందట. సర్కారు దవాఖాన నుంచి గోళీలు వస్తున్నాయి. పొద్దున్నే ఏమీ తినకముందే మింగాలి, ఒక్క రోజు కూడా మానకూడదు, నెలలకు నెలలు వాడాలి. అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఎవరో కూర్చోబెట్టి చదివించినట్టు చెప్పాడు.

జమున కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. పోలీసు గొంతు పక్కన పెట్టి, పక్కింటి పిల్ల అడిగినట్టే అడిగింది.

"ఆ గోళీలు ఏసుకున్నంక ఒంటేలికి పోతే భయమైతలేదా కాక?"

"భయమెందుకు బిడ్డ?"

"రంగు చూసి."

పోశం ఒకసారి కనకవ్వ వైపు చూశాడు. కనకవ్వకూ తెలియదు. "ఏం రంగు? ఎప్పటి లెక్కనే ఉంటది," అన్నాడు.

జమున చిన్నకూతురు అన్వికి మెడ కింద గడ్డ లేచి, అది టీబీ గడ్డ అని తేలి, అవే మందులు వాడారు. మొదటి రోజు పిల్ల చడ్డీ ఎర్రగా తడిసి కనబడితే చెప్పులు కూడా వేసుకోకుండా బిడ్డను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది. నర్సమ్మ నవ్వి, అది రక్తం కాదు, మందు రంగు, నారింజ పండు లెక్క ఎర్రగా వస్తేనే మందు పడుతున్నట్టు లెక్క అని చెప్పింది. ఆ తర్వాత కోర్సు అయ్యేదాకా పొద్దున్నే ఆ రంగు చూస్తేనే తల్లికి ప్రాణం కుదుటపడేది. ఆ మందు మింగే మనిషి ఎవరైనా మొదట చెప్పేది దాని గురించే.

"నువ్వు ఒక్క గోళీ గూడ మింగలే కాక," అంది జమున.

కనకవ్వ చేతిలో మిఠాయి డబ్బా అలాగే ఉండిపోయింది. లోపల టీవీ చూస్తున్న రుత్విక్ సౌండు తగ్గించాడు.

తర్వాత పోశం చెప్పిందంతా తల వంచుకునే చెప్పాడు. స్కానింగ్ మంచం మీద పడుకున్నది తను కాదు, సదయ్య. డబ్బాలో తెమడ ఉమ్మింది సదయ్య. పేరు మాత్రం పోశం అని చెప్పాడు. బోర్డు ముందు నిలబడింది మాత్రం పోశమే, చేతిలో సదయ్య ఛాతీ ఫోటో పట్టుకుని. ఇందులో సదయ్యకు వింతగా తోచినదేమీ లేదు. కంపెనీ దవాఖాన కార్డు లేని కాంట్రాక్టోళ్ళు కార్డు ఉన్నవాళ్ళ పేరు చెప్పి పెద్ద డాక్టరుకు చూపించుకోవడం ఈ లైన్లలో ఎప్పటినుంచో ఉన్నదే. చుట్టం చుట్టానికి చేసే సాయం అది. వరసకు బావ అయిన పోశం తన పేరు ఇచ్చి తనకు సాయం చేస్తున్నాడనుకున్నాడు సదయ్య. బావే తన రోగం తీసుకుపోతున్నాడని అతనికి తోచలేదు. పరీక్షలయ్యాక నీకేం లేదు, దుమ్ముకు వచ్చిన దగ్గు అని చెప్పి పంపించారు.

"నాకు గూడ గట్లనే చెప్పిన్రు బిడ్డ, రోగం కాయితం మీదనే అని."

"మరి గోళీలు నీ ఇంటికొచ్చినప్పుడు?"

పోశం వాకిలి పక్కన మోరీ వైపు చూశాడు.

"అప్పుడు తెలిసింది," అన్నాడు. "ఇద్దామనుకున్న. ఇస్తే సంగతి బయటపడతది, పోరని నౌకరి పోతది అన్నరు. మోరీల పారబోసిన."

అదే మోరీ పక్కన నిలబడి సదయ్య అడిగాడట, చేతిలో కనకవ్వ పెట్టిన మిఠాయి ముక్కతో. ఎగరలేదు, దుంకలేదు. "అన్‌ఫిట్ అయింది నువ్వా, నేనా బావ?" అని ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అడిగి, మిఠాయిని గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇదంతా కుదిర్చింది ఎవరని జమున అడిగింది. పోశం తల అడ్డంగా ఊపాడు. బెదిరించింది, బతిమాలింది, రుత్విక్‌ను కూడా స్టేషన్‌కు తీసుకుపోతానంది. పోశం చేతులు జోడించాడు.

"ఎవరడిగినా చెప్తనేమో గని, నీ మొఖం చూస్కుంట ఆ పేరు చెప్పలేను బిడ్డ. నన్ను అడగకు."

ఆ మాటకు అర్థం వెతికే లోపలే వాకిట్లో బూట్ల చప్పుడయింది. సీఐ జగదీశ్వర్ లోపలికి వచ్చాడు. ఈ దొంగ అన్‌ఫిట్ల మీద వేసిన ప్రత్యేక బృందం అతనిది. ఈ ప్రాంతం వాడు కాదు. వచ్చిన దగ్గర్నుంచి జమునకూ అతనికీ పడటం లేదు. కనకవ్వ చేతిలోని డబ్బా నుంచి తనే ఒక ముక్క తీసుకుని కొరికాడు.

"చాలాసేపటి నుంచి కిటికీ పక్కనే ఉన్నాను. మీ వాళ్ళు మీకైతే చెప్తారని తెలుసు. అందుకే ముందు మిమ్మల్ని వెళ్ళనిచ్చాను," అన్నాడు.

అతని వెనక వచ్చిన కానిస్టేబుల్ పోశం భుజం మీద చెయ్యి వేశాడు. పోశం జమున వైపు చూసిన చూపు ఆమె భరించలేకపోయింది. తనే కావాలని పట్టించిందని అనుకుంటున్నాడు. అతను అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

"సదయ్య ఎక్కడ?" అన్నాడు జగదీశ్వర్.

"నాకూ అదే కావాలి సార్."

"మీకు రోగి కావాలి. నాకు ముద్దాయి కావాలి. వేరేవాడి పేరు చెప్పి పరీక్ష చేయించుకున్నవాడు ఏ చట్టంలో చూసినా ముద్దాయే."

"వాని రోగాన్ని వాని దగ్గర్నుంచి దొంగతనం చేసిన్రు సార్. దొంగలు పడ్డ ఇంటాయన్నే పట్టుకపోతరా మీరు?"

"ఈ డైలాగు కోర్టులో చెప్పండి, బాగుంటుంది."

"ఇయ్యాల మందు పడకపోతే కోర్టు దాకా ఉండడు. ఇంట్ల పాలు తాగే పిల్ల ఉన్నది."

జగదీశ్వర్ చేతులు దులుపుకున్నాడు. గుమ్మం దాటుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఆ సదయ్య గురించి మీ అన్నగారిని అడక్కపోయారా? ఈ ఊళ్ళో ఆయన చూడని ఛాతీ లేదంటారుగా."

జమునకు ఒళ్ళు మండిపోయింది. అన్న వీరేందర్ ఒక స్కానింగ్ సెంటర్‌లో మేనేజరు. కార్డు లేని కూలీల కోసం బస్తీల్లో ఉచిత ఎక్స్‌రే క్యాంపులు పెట్టేది అతనే. ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా వీరన్నా అని ఫోన్ చేస్తారు. బాపు పోయాక జమునను చదివించింది, పోలీసు పరీక్షకు పంపింది, పెళ్ళి చేసింది ఆ అన్నే. సదయ్య కనబడటం లేదని ఏడుస్తున్న హర్షిణిని బండి మీద కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు తీసుకొచ్చింది కూడా అతనే. మంచి చేసేవాడి మీద బురద చల్లడం మీకు అలవాటేనని చెప్పేలోపే జగదీశ్వర్ జీపు ఎక్కేశాడు.

అతనికంటే ముందు సదయ్యను చేరుకోవాలి. జమున నేరుగా హర్షిణి ఇంటికి వెళ్ళింది, కానిస్టేబుల్ అర్షియాను వెంటబెట్టుకుని.

ఇల్లంటే క్వార్టర్ కాదు, లైన్ వెనక రేకుల గది. హర్షిణి పాపను చంకనేసుకుని వచ్చింది. పాప సహస్ర ఒళ్ళు వెచ్చగా ఉందని, పొద్దున్నుంచి పాలు సరిగా తాగడం లేదని చెప్పింది. మొగుడి సంగతి అడిగితే ఆమె కళ్ళలో ఏడుపు కంటే కోపం ఎక్కువ కనబడింది.

"నన్ను ఇడిసిపెట్టిండక్కా. పోయే ముందు బిడ్డను ఎత్తుకోలే, ముద్దు గూడ పెట్టుకోలే. దూరంగ నిలవడి చూసిండు. ఎవతెనో తగులుకున్నడు."

జమున గదిని మెల్లగా కలియజూసింది. ఊయల లోపలి దూలానికి లేదు. తాడు ఒరుసుకున్న గీత మాత్రం ఉంది. ఊయలను విప్పి బయట పందిరి కింద, గాలి తగిలే చోట కట్టారు. ఎవరు కట్టారంటే వాడే, పోయే ముందు అంది హర్షిణి. గిన్నెల అల్మారాలో స్టీలు కంచం ఒకటే ఉంది. ఇంకోటి? వాడిది వాడు పట్టుకుపోయాడు, గ్లాసు కూడా. దుప్పటి, తువ్వాలు కూడా తీసుకుపోయాడు. మంచి చొక్కాలు మాత్రం దండెం మీదే వేలాడుతున్నాయి. ఇంకొకతె కోసం పోయేవాడు మంచి చొక్కా వదిలి ఎంగిలి కంచం పట్టుకుపోతాడా?

"నిన్ను ఇడిసిపెట్టలే హర్షిణి," అంది జమున. "తన దగ్గు బిడ్డకు అంటకూడదని పోయిండు."

ఆ తర్వాత టీబీ సంగతి చెప్పింది. హర్షిణి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. కోపం పోయి ఆ చోట భయం వచ్చి కూర్చున్నట్టు ఆమె ముఖంలో తెలుస్తోంది. పాపను ఇప్పుడే సర్కారు దవాఖానకు తీసుకుపోయి పరీక్ష చేయించాలని, అర్షియా వెంట ఉంటుందని, మందుకు ఎవరూ పైసా అడగరని జమున చెబుతుంటే, హర్షిణి లేచి పాపకు టోపీ తొడిగింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఎవరి పేరు మీద తీస్కపోవాలె అక్కా?"

జమున పాప టోపీ సరిచేసింది.

"దాని పేరు మీదనే," అంది. "సహస్ర అనే చెప్పు. ఎవరడిగినా అదే చెప్పు."

గోడకు మేకులు వరసగా ఉన్నాయి. ఒకదాని కింద సున్నం మీద తాళంచెవి తగిలి తగిలి పడిన నల్లటి మరక ఉంది, తాళంచెవి లేదు. అది దేనిదని అడిగింది జమున. మూసేసిన పాత గని ఫ్యాన్‌హౌస్‌దని హర్షిణి చెప్పింది. గనిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను ఉండేది అక్కడ. యంత్రం ఎత్తుకుపోయాక ఖాళీ కట్టడానికి సదయ్య కొన్నాళ్ళు వాచ్‌మన్ డ్యూటీ చేశాడు. తాళంచెవి అడిగినవాళ్ళు లేక ఇంట్లోనే ఉండిపోయింది.

దగ్గే మనిషి దూరంగా, గాలి ఆడే చోటు వెతుక్కున్నాడు. జమున హర్షిణిని, పాపను ఆటోలో అర్షియాతో పంపించి, తను ఒక్కతే జీపు తీసింది.

ఫ్యాన్‌హౌస్ తలుపుకు లోపలి నుంచి గొలుసు వేసి ఉంది. జమున జీపులో ఉన్న మాస్కు కట్టుకుని, తన పేరు చెప్పి, హర్షిణి పంపిందని చెప్పింది. లోపల కంచం కదిలిన చప్పుడు. ఎంతసేపటికో గొలుసు ఊడింది.

సదయ్య తలుపు తీసి వెంటనే దూరంగా, ఫ్యాను పీకేసిన పెద్ద గుండ్రటి కంత దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గాలి అతని వెనక నుంచి బయటికి పోయేలా చూసుకుని మరీ నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరెవరొచ్చిన్రు మేడం?"

"నేనొక్కదాన్నే."

"వీరన్న రాలే?"

అన్న కోసం అడుగుతున్నాడనుకుంది జమున. ఊరంతా అడిగినట్టే. "రమ్మంటవా? దవాఖానకు అన్న అయితేనే మంచిగ తీస్కపోతడు," అని ఫోన్ తీసింది.

సదయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వద్దని చేతులు ఊపుతున్నాడు, దగ్గుతో మాట రావడం లేదు. దగ్గు ఆగేదాకా జమున ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. ఆ కాసేపట్లో పోశం చేతులు జోడించడం గుర్తొచ్చింది. నీ మొఖం చూస్కుంట చెప్పలేనన్న మాటా, సీఐ గుమ్మంలో ఆగి అన్న మాటా ఒకదాని పక్కన ఒకటి చేరాయి. వద్దు వద్దనుకుంటూనే అడిగింది.

"స్కానింగ్‌కు నిన్ను తీస్కపోయింది ఎవరు?"

"మీ అన్ననే."

సదయ్య చెప్పింది తక్కువే. పోశం ఇంటి నుంచి నేరుగా వీరన్న దగ్గరికే పోయాడు, మందు ఇప్పించమని. ఇంకెక్కడికి పోవాలో అతనికి తెలియదు. వీరన్న తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి చాయ్ తాగించాడు. నోరు తెరిస్తే ముందు నువ్వే జైలుకు పోతావని నిదానంగా చెప్పాడు. లారీ మీద నిలబడి టార్పాలిన్ పట్టా కట్టేవాళ్ళు కాలు జారి పడటం కొత్తేమీ కాదు, పైలంగా ఉండమని కూడా చెప్పాడు. ఆ రోజే సదయ్య కంచం, గ్లాసు పట్టుకుని ఇక్కడికి వచ్చేశాడు.

"మరి హర్షిణిని నా దగ్గరికి తెచ్చి కంప్లైంటు ఇప్పిచ్చింది..."

"నన్ను ఎతకనీకే మేడం. వీరన్న మనుషులకు దొరకలే నేను. మీరైతే దొరకవట్టుకుంటరని."

జమున ఇంతకంటే పెద్ద దెబ్బ ఇక ఉండదనుకుంది.

"ఆ క్యాంపులు మా కోసం కాదు మేడం," అన్నాడు సదయ్య. అతని గొంతులో నిష్ఠూరం కూడా లేదు, అలసట తప్ప. "ఎవని ఊపిరితిత్తులు బాగ పాడైనయో చూసుకునేటందుకు. మంచిగున్నోళ్ళకు బిస్కిట్ పుడ ఇచ్చి పంపిచ్చిన్రు. నా అసుంటోళ్ళను పక్కన కూసోవెట్టిన్రు. నేను అసలు రాకపోదును. పోయిన క్యాంపుల మీరు మైకు పట్టుకొని చెప్పిన్రు గద, భయపడకున్రి, మా అన్న పెట్టిన క్యాంపు, అందరు రాన్రి అని. పోలీసు మేడమే చెప్తున్నదని లైన్ల నిలవడ్డ."

అవును, చెప్పింది. యూనిఫాం వేసుకుని చెప్పింది. ఆ రోజు అన్న ఆమె తల నిమిరాడు.

ఆ క్యాంపులో పక్కన కూర్చోబెట్టిన వాళ్ళు ఎంతమంది? ఎవరి ఇళ్ళల్లో వాళ్ళ దగ్గు ఎవరి పిల్లలకు అంటుతోంది? వాళ్ళ గోళీలు ఎన్ని మోరీల్లో పారుతున్నాయి? సదయ్యను సర్కారు దవాఖానకు, అతని సొంత పేరు మీద, జగదీశ్వర్‌కంటే ముందు చేర్చాలి. లేవమని అతనికి చెయ్యి అందించబోతుంటే ఆమె చేతిలో ఫోన్ మోగింది.

తెర మీద ‘అన్న’ అని వచ్చింది.

ఎత్తకపోతే అనుమానం వస్తుంది. జమున మాట్లాడొద్దని సదయ్యకు సైగ చేసి, ఎత్తింది.

"హర్షిణి ఫోన్ చేసింది చెల్లె," అన్నాడు వీరేందర్. ఎప్పటి గొంతే, చల్లటి గొంతు. "పిల్లను దవాఖానల చూపిస్తున్నదట. మొగడు ఇడిసిపెట్టలేదని మస్తు సంబురపడ్డది. నువ్వు ఫ్యాన్‌హౌస్ దిక్కు పోయినవని చెప్పింది. దొరికిండా?"

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గొంతుకు జమున అబద్ధం చెప్పి ఎరగదు.

"లేడన్నా. ఈడ గూడ లేడు. ఉట్టిగనే వచ్చిన."

సదయ్య తువ్వాలును నోట్లోకి కుక్కుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులతో నోరు అదిమి పట్టుకుని, పట్టుకోలేక, ఒక్కసారిగా దగ్గాడు. యంత్రం లేని ఆ ఖాళీ గదిలో దగ్గు గోడలకు కొట్టుకుని మళ్ళీ మళ్ళీ వినిపించింది.



"ఎవరి దగ్గు చెల్లె అది?" అన్నాడు వీరేందర్, ఎంతో మెత్తగా.

జమున నడుము దగ్గరున్న పిస్టల్ ఒర బొత్తాం విప్పింది. 

"పోశం కాకది అన్నా. నువ్వే గద రాయిచ్చినవ్."

అవతల కారు తలుపు మూసిన చప్పుడు, వెంటనే ఇంకో తలుపు, ఇంకొకటి. తర్వాత ఇంజను స్టార్టయింది. ఫోన్ మాత్రం కట్ కాలేదు.